మన్యమున బాలికల పాఠశాల: జూను నుండి జూను వరకు

జూను 12వ తేదీన బడులు తెరచు దినములలో భద్రాచలం బస్సు స్టాండునందు రేకుపెట్టెలతో, దుప్పటి మూటలతో దిగు ఆడపిల్లలను పంచాయితీ సభ్యులు చూచియే యుందురు. చర్ల, దుమ్ముగూడెం మండలములలోని అడవి పల్లెలనుండి వచ్చిన ఈ పిల్లలు పది నెలలపాటు ఇంటికి దూరముగా, ఒకే కప్పు క్రింద వందలమందితో కలిసి బ్రతుకవలెను. ఆ పది నెలలలో అచ్చట ఏమి జరుగును, తరువాతి జూనులో వారిలో కొందరు ఎందుకు తిరిగి రారు అను విషయములను గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఒక గందరగోళమును తీర్చవలసియున్నది. మన ప్రాంతమున బాలికలు వసతితో చదువుకొను బడులు ఒకే తెగవి కావు. ఆశ్రమ పాఠశాలలను గిరిజన సంక్షేమ శాఖ నడుపును. గురుకులములు ప్రత్యేక సొసైటీల క్రింద ఉన్నవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతికి అవి వారసులు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు 2004లో ఏర్పడిన కేంద్ర పథకమునకు చెందినవి. చదువు మధ్యలో మానిన బాలికలను, బడి ముఖమే చూడని బాలికలను తిరిగి చదువులోనికి తెచ్చుట వాని మొదటి ఉద్దేశము. ఏ పిల్లను ఏ బడికి పంపవలెనో తల్లిదండ్రులు అడిగినప్పుడు సభ్యులు ఈ భేదము నెరిగి చెప్పుట మంచిది.

వసతిగృహమున తొలి నెల కష్టమైనది. ఇంట కోయభాష మాట్లాడు పిల్లకు తెలుగు పాఠ్యపుస్తకము పరాయిది. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ మొదలుగా ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు వాచకములు తయారుచేసినది ఇందుకొరకే. పెద్ద పిల్లలు చిన్నవారికి జడలు వేయుదురు, రాత్రివేళ బెంగపెట్టుకొన్నవారిని తమ ప్రక్కన పడుకొనబెట్టుకొందురు. వంటశాల సరుకు చూచుటకు, ఆవరణ ఊడ్చుటకు, కూరగాయల మడులకు నీరు పెట్టుటకు వంతులు వేసికొందురు. మా పిల్లచేత బడి ఊడ్పింతురా యని తల్లిదండ్రులు కొందరు నొచ్చుకొనుట కలదు. జపాను దేశమున కలవారి పిల్లలును లేనివారి పిల్లలును తమ తరగతి గదులను తామే శుభ్రపరచుకొందురు, మధ్యాహ్న భోజనమును తామే వడ్డించుకొందురు. పని అందరికి సమానముగా వచ్చినపుడు అందు చిన్నతనము లేదు. ఒక కులము పిల్లలకో, ఒక తెగ పిల్లలకో మాత్రమే చీపురు దక్కుచున్నచో అది వేరు మాట. సభ్యులు అడుగవలసినది దానిని గూర్చియే.

జూలై, ఆగస్టులలో గోదావరి వచ్చును. భద్రాచలం వద్ద నీరు 43 అడుగులు దాటిన మొదటి హెచ్చరిక, 48 దాటిన రెండవది, 53 దాటిన మూడవది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు, 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చిన సంగతి ఈ ప్రాంతమున పసిపిల్లలకును తెలియును. దారులు మునిగి ఉత్తరువులు, సరుకులు ఆగిపోవు ఆ దినములే భూగోళ పాఠమునకు తగిన సమయమని మా అభిప్రాయము. ఆ నీరు ఒక్క మన వానయే కాదు. త్ర్యంబకమున పుట్టిన గోదావరికి ఎగువ రాష్ట్రముల వానలు కలియును. ఒడిశాలో పుట్టిన ఇంద్రావతి ఛత్తీస్‌గఢ్ మీదుగా వచ్చి చేరును. ఈజిప్టు దేశమున కైరో నగరములోని రోడా దీవిపై 861వ సంవత్సరమున కట్టిన నీటికొలత స్తంభము నేటికిని నిలిచియున్నది. నైలునది ఎంత పెరిగినదో దానిపై చూచి ఆ యేటి పంటను, పన్నును అంచనా వేసెడివారు. కరకట్టమీద అంకెలు చదువగల పిల్లకు ఈజిప్టు దూరదేశము కాదు.

ప్రపంచజ్ఞానమనిన పెద్ద మాట. అది పటములలోనే ఉన్నదని తలచుట పొరపాటు. మన చేలలోనే ఉన్నది. మిరపకాయనే చూడుడు. అది ఈ దేశపు పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు నావికుల వెంట సుమారు 500 ఏండ్ల క్రిందట మనకు వచ్చినది. నేడు ఖమ్మం మార్కెట్టులో తేజ రకపు మిరప ధర చైనా మొదలగు దేశముల కొనుగోళ్లను బట్టి లేచుచు పడుచున్నది. ఈ కథను తరగతిలో చెప్పిన ఏ పిల్లయైనను చెవియొగ్గి వినును. అయితే సంక్రాంతి వెళ్లిన పిదప ఆ మిరపయే పిల్లను తరగతినుండి లాగుకొని పోవుచున్నది.

కోత కాలమున కూలీల కొరకు రైతులు ఛత్తీస్‌గఢ్ వరకు పోవుదురు. పండుగకు ఇంటికి వచ్చిన పిల్ల చేతులు కూడ ఇంటికి అవసరమగును; నాలుగు దినములని ఆపుదురు, అవి నెల యగును. తల్లిదండ్రులను తిట్టి లాభము లేదు; ఆ కూలిడబ్బుతో తీరు అప్పు నిజమైనదే. కాని ఒక నెల పాఠములు పోయిన పిల్ల గణితమున వెనుకబడును, సిగ్గుపడును, బడికి పోనని తానే చెప్పును. ఆ తరువాత ఇప్పపూవు, ఆ వెంటనే తునికాకు. ఏప్రిలు చివర వేసవి సెలవులు. వైశాఖమున పెండ్లిండ్లు. 15 ఏండ్ల పిల్ల మరల జూనులో కనబడకపోవుట ఈ వరుసలో జరుగుచున్నది.

చట్టము ఇచ్చట ఒక వంక అండగాను, ఒక వంక లోటుగాను ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకే వర్తించును. తొమ్మిదవ, పదవ తరగతులకు వచ్చుసరికి దాని బలము చాలదు. పెండ్లి విషయమున మాత్రము 2006 నాటి చట్టము 18 ఏండ్లు నిండవలెనని చెప్పుచున్నది. ఆపద తెలిసినచో 1098కి ఫోను చేయవచ్చును. విద్యాహక్కు చట్టము 9వ విభాగము స్థానిక సంస్థలకు అప్పగించిన పనులలో ఈ రెండును ఉన్నవి: తమ పరిధిలోని 14 ఏండ్లలోపు పిల్లల లెక్కను ఉంచుట, వలస వచ్చిన కుటుంబముల పిల్లలను బడిలో చేర్చుట. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి మన అడవులలో గూడెములు వేసికొన్న గొత్తికోయల పిల్లలును ఈ లెక్కలోనివారే. వారు మా ఓటర్లు కారని చెప్పి తప్పించుకొనుటకు చట్టమున తావు లేదు. 21వ విభాగము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తములో సగము మంది స్త్రీలు ఉండవలెను; ఎన్నికైన స్థానిక ప్రతినిధికిని అందు చోటు కలదు. ఆ చోట కూర్చుండి సంతకము మాత్రమే చేసి వచ్చువారు లేకపోలేదు.

ఇంత శ్రమకు ఫలమేమి అని అడుగువారికి ఒక ఉదాహరణము చెప్పుదుము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి కొండబండపై ఎక్కుట నేర్చి, 2014 మే 25న టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నెక్కినది. అప్పటికి ఆమె వయస్సు 13 ఏండ్ల 11 నెలలు. ఆమెతో శిఖరము చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా బాలుడు. ఆ యేడు ఆమెను పనిలో పెట్టియున్నచో ఆ కొండ ఆమెకు కనబడెడిది కాదు. అందరును ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. మన పిల్లలలో ఒకతె నర్సుగా తన గూడెమునకే తిరిగి వచ్చినను మేము తక్కువగా ఎంచము.

పంచాయితీ చేయగల పని ఖర్చుతో కూడినది కాదు. కార్యాలయమున ఒక పుస్తకము తెరచి, ఊరినుండి వసతి బడులకు పోయిన ప్రతి బాలిక పేరు, బడి, తరగతి వ్రాసికొనవలెను. సంక్రాంతి సెలవులు ముగిసిన వారమున ఒకసారి, జూను 12 తరువాతి వారమున ఒకసారి ఆ పేర్లను వార్డు సభ్యులు సరిచూడవలెను. ఇల్లు కదలని పిల్ల యున్నచో స్త్రీ సభ్యులు ఇద్దరు ఆ తల్లివద్దకు పోయి కూర్చుండవలెను. పదవ తరగతి పిల్లయైనచో మార్చి పరీక్షల రుసుము కట్టినదో లేదో కూడ అడిగి రావలెను.