దయ్యపు బుట్ట కాదు, దేవుని చేతి పని

పెదకూరపాడు చుట్టుప్రక్కల నల్లరేగడిలో ప్రత్తి, మిరప వేసే మనకు ఎరువు లేని పైరు తెలియదు. అయితే ఎరువు వేస్తే చచ్చిపోయే మొక్క ఒకటున్నది. అది పురుగులను పట్టి బ్రతుకుతుంది. మన పిల్లలు పాఠములో నెపంథిస్ అని చదివే కూజా మొక్క అదే.

మన దేశములో సహజముగా పెరిగే నెపంథిస్ జాతి ఒక్కటే. మేఘాలయలోని గారో, ఖాసీ, జైంతియా కొండలు దాని స్థలము. గారో ప్రజలు దీనికి దయ్యపు బుట్ట అనే అర్థము వచ్చే పేరు పెట్టారు. మరి ఇది నిజముగా అంత క్రూరమైనదా?

ఆకు కొన సాగి, చిన్న కూజాగా మారుతుంది. పైన మూత, అంచున తేనె, ఆకుపచ్చ మీద ఎరుపు రంగు. తేనె కోసము వచ్చిన చీమ నున్నని గోడ మీద జారి, అడుగున ఉన్న రసములో పడి జీర్ణమైపోతుంది. మూత మాత్రము కదలదు. అన్ని మొక్కలవలె ఇదీ ఎండలో తన పిండిపదార్థమును తానే చేసుకుంటుంది. నేలలో దొరకని నత్రజని మొదలైన పోషకములనే పురుగుల నుండి తీసుకుంటుంది. సారము లేని నేలలో బ్రతుకవలసిన మొక్కకు సృష్టికర్త ఇచ్చిన ఏర్పాటు ఇది.

పెంచాలనుకునేవారు నల్లమట్టి, పశువుల ఎరువు, యూరియా వాడకూడదు. బాగా కడిగిన కొబ్బరి పీచు, ఉప్పు లేని ముతక ఇసుక కలిపి నాటాలి. ఉప్పదనమున్న బోరు నీళ్ళు పనికిరావు, వాన నీళ్ళు పట్టి పోయాలి. వేళ్ళు తడిగా ఉండాలి గాని నీళ్ళలో నానకూడదు. వెలుతురు, గాలిలో తేమ కావాలి. మన వేసవి ఎండ, వడగాలి తగిలితే కూజాలు ఎండిపోతాయి. మాంసపు ముక్కలు వేస్తే కుళ్ళిపోతాయి. పురుగులను అదే పట్టుకుంటుంది.

అడవి నుండి పెరికి తెచ్చిన మొక్కను ఎవరు అమ్మినా కొనవద్దు. అడవిలో ఇది అంతరించే ప్రమాదములో ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని కాపాడుతున్నది. అనుమతి ఉన్న నర్సరీలో పెంచిన మొక్కనే తీసుకోవాలి. అది దొరకకపోతే చింత లేదు. పురుగులను పట్టే డ్రాసిరా అనే చిన్న మొక్క మన రాష్ట్రములోనూ వానల తరువాత తడి ఇసుక నేలల్లో కనబడుతుంది. పీకకుండా పిల్లలకు చూపించండి.

పైరూపము చూచి మనుష్యులు దయ్యపు బుట్ట అన్నారు. దేవుడైతే ఆ బీద నేలలోనే దానికి అనుదినాహారము సిద్ధపరచాడు. కొరతలో ఉన్న కుటుంబమును చూచి మనము తొందరపడి పేరు పెట్టేముందు, ఈ చిన్న కూజాను జ్ఞాపకము చేసికొందము.