మార్పునకు సాక్షి: కంప్యూటరు రికార్డులలో కాలముద్ర

కాగితపు రిజిస్టరులో దిద్దుబాటు కంటికి కనబడును. కొట్టివేసిన గీత, వేరు సిరా, ప్రక్కన పొడి సంతకము చూచినవారికి అచ్చట ఏదో మార్పు జరిగినదని తెలియును. కంప్యూటరులో అట్టి జాడ తనంత తాను మిగులదు. పాత మాట పోయి క్రొత్త మాట వచ్చినచో, మొదటినుండియు అట్లే యున్నట్లు తోచును. ఈ లోపమును తీర్చు ఏర్పాటును గూర్చి మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియజేయదలచితిమి.

ఈ ఆలోచన కంప్యూటరుతో పుట్టినది కాదు. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము 15వ సెక్షనును చూడుడు. రిజిస్టరులో తప్పు పడినప్పుడు రిజిస్ట్రారు మూలమందలి వ్రాతను మార్చరాదు. సవరణను అంచున వ్రాసి, సంతకము చేసి, తేదీ వేయవలెను. పాత వ్రాత నిలుచును. క్రొత్త వ్రాతయు నిలుచును. మార్చినవారెవరో, ఎప్పుడో తెలియును. మంచి రికార్డునకు ఈ నాలుగును లక్షణములు.

ఇక కంప్యూటరు సంగతి. క్రమముగ కూర్చిన సమాచారపు పట్టికల సముదాయమును డేటాబేసు అందురు. పట్టికలోని ఒక్కొక్క వరుస ఒక్కొక్క రికార్డు. విద్యార్థుల పట్టికలో పేరు, పుట్టిన తేదీ, మాతృభాష మొదలగు గడులుండును. వీనితోపాటు మరి రెండు గడులను చేర్చుట వాడుక. వరుస ఎప్పుడు పుట్టినదో మొదటిది చెప్పును. కడపట ఎప్పుడు మారినదో రెండవది చెప్పును. వీనిలో నుండు కాలమునే కాలముద్ర యనవచ్చును.

ఈ గడులను గుమాస్తా నింపడు, డేటాబేసే నింపును. పట్టికను ఏర్పరచునప్పుడే, ఎవరును విలువ నీయనిచో ఆ క్షణపు కాలమును వేయవలెనని మొదటి గడికి నియమము పెట్టుదురు. రెండవ గడికి మై ఎస్‌క్యూఎల్ అను డేటాబేసులో అట్టి నియమమే కలదు. వరుసలో ఏ విలువ మారినను కాలము దానంతట అది మారును. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసులో ఇందుకు ట్రిగ్గరు అను చిన్న ఆజ్ఞను వ్రాసి పెట్టుదురు. తుపాకి మీటను నొక్కగనే గుండు వెడలునట్లు, వరుస మారగనే ఆ ఆజ్ఞ నడచును. మనుష్యుడు మరచిపోవచ్చును, అతని యంత్రపు గడియారము తప్పు చూపవచ్చును. అందుచేత ఎందరు ఎచ్చటినుండి వ్రాసినను, కాలమును మాత్రము డేటాబేసు నడచు ఒకే యంత్రము చెప్పుట మేలు.

ఆ కాలమును సాధారణముగ ప్రపంచ ప్రామాణిక కాలములో దాచుదురు. మన భారత కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. జూన్ 10వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు మనము వ్రాసిన రికార్డు అందులో జూన్ 9వ తేదీ రాత్రి 10 గంటల 30 నిమిషములుగ నుండును. ఈ భేదమును గమనింపక చదివినచో ఒక దినము తప్పు వచ్చును.

అయినను ఈ రెండు గడులతోనే పని తీరదు. కడపటి మార్పు ఎప్పుడో తెలియును గాని, మునుపు ఏమున్నదో తెలియదు. ఇందుకై వేరొక చరిత్ర పట్టికను పెట్టుదురు. మార్పు జరిగినప్పుడెల్ల ట్రిగ్గరు పాత విలువను, క్రొత్త విలువను, మార్చినవారి గుర్తును, కాలమును అందులో వ్రాయును. చట్టము చెప్పిన అంచు వ్రాత ఇదియే.

ఇది మనకేల యందురా? 1949లో జరిగిన విద్యామంత్రుల సమావేశము, ప్రాథమిక పాఠశాల మొత్తమున 40 మందియో, ఒక తరగతిలో 10 మందియో అల్పసంఖ్యాక భాష పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించినది. అనగా సంఖ్యయే ఆధారము. ఆ సంఖ్యకు మాతృభాష గడియే ఆధారము. తరగతిలో సరిగ పదిమంది యున్నప్పుడు ఒక్క గడిలో “తెలుగు” పోయి వేరొక భాష పడినచో లెక్క తొమ్మిదికి దిగును. అది తొందరలో జరిగిన పొరపాటైనను ఫలము ఒక్కటే. చరిత్ర పట్టిక యున్నచో ఏనాడు, ఎవరి చేత మారినదో చూచి సరిదిద్దవచ్చును. లేనిచో తండ్రి మాటకును యంత్రము మాటకును వాదము మిగులును.

ఈ సాక్షికిని హద్దులు కలవు. కాలముద్ర వ్రాసిన క్షణమును చెప్పును గాని, వ్రాసినది సత్యమో కాదో చెప్పదు. నలుగురు ఒకే సంకేతపదమును వాడినచో మార్చినవారెవరో తెలియదు. పై అధికారము గలవారు ట్రిగ్గరును ఆపివేయవచ్చును. కనుకనే 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశమున కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి మార్పును తేదీతో నమోదు చేయవలెననియు, ఆ నమోదును ఆపుటకు వీలు ఉండరాదనియు నియమము ఏర్పడినది.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డను బడిలో చేర్చిన దినముననే పేరును, పుట్టిన తేదీని, మాతృభాషను నమోదైనట్లుగ చదివి చూచుకొనుడు, నకలును దాచుకొనుడు. ఏదైన మారినట్లు కనబడినచో, ఎప్పుడు మారినదని మర్యాదగ అడుగుడు. విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇట్టి పట్టికలను కట్టువారగుదురు. అప్పుడు పాత వ్రాతను చెరపివేయక నిలుపు ఏర్పాటును మొదటనే చేయుడు. జరిగిపోయిన మార్పులకు పిమ్మట సాక్ష్యము సృష్టించుట ఎవరి తరమును కాదు.