గర్భిణులూ, బి.పి. చూపించుకున్నారా?

మాదాపూర్: 1998లో సైబర్ టవర్స్ వెలసిన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల రూపురేఖలే మారిపోయాయి. అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు పనిచేసే ఆడపడుచులు ఒకవైపు, కొత్త మేడలకు ఇటుక, ఇసుక మోసే కూలీ స్త్రీలు మరొకవైపు. ఇద్దరి బతుకులూ వేరు. కానీ కడుపుతో ఉన్నపుడు పొంచి ఉండే ముప్పు ఇద్దరికీ ఒక్కటే. అదే రక్తపోటు.

అయిదో నెల దాటిన గర్భిణికి బి.పి. 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే ప్రమాద సూచనే. మూత్రంలో ప్రొటీను కూడా పోతుంటే వైద్యులు దానిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి మూర్ఛలు వస్తే పెద్దలు చెప్పే గుర్రపువాతం. తల్లికి మెదడులో రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినవచ్చు. మావి ద్వారా రక్తం చాలినంత అందక బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. నెలలు నిండకుండానే కాన్పు చేయవలసి వస్తుంది.

చిక్కేమిటంటే మొదట్లో ఏ బాధా తెలియదు. కాళ్ల వాపు మామూలేనని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. కానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, కడుపు పైభాగాన నొప్పి వచ్చినా తెల్లవారే దాకా ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్‌తో మూర్ఛల ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 33 దేశాల్లో జరిపిన పరిశోధన 2002లో తేల్చింది.

సరిగ్గా బి.పి. పెరిగే నెలల్లోనే ఉద్యోగిని కాన్పుకు పుట్టింటికి వెళుతుంది. కూలీ కుటుంబం పని ముగియగానే మరో చోట గుడిసె వేసుకుంటుంది. పాత బి.పి. ఎంతో కొత్త డాక్టరుకు తెలియదు. అందుకే మాతా శిశు సంరక్షణ కార్డు ఎక్కడికి వెళ్లినా వెంట ఉండాలి. కాన్పయితే గండం గడిచినట్లు కాదు. బాలింతకూ మూర్ఛలు రావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే పథకం 2016లో మొదలైంది. ఒక్క పూట కూలి పోతుందన్న భయంతో ఎందరో తల్లులు ఆ గడప తొక్కరు. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఆ పూట కూలి కోయకుండా పంపితే చాలు. బి.పి. చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. దక్కేవి రెండు ప్రాణాలు.