కండరము పంపు కబురు



మా పరకాల ప్రాంతమున తాడిచెట్టునుండి పడిన యొక గౌడన్న యింటికి రెండు మాసముల పిదప నన్ను పిలిపించిరి. పడిన దినమున నడుము క్రిందిభాగమంతయు తడిగుడ్డవలె వ్రేలాడినదట. ఇప్పుడో, పాదమును నేలకానించినంతనే కాలు దానంతట నదే గడగడ వణకుచున్నది. "సచ్చిన కాలుకు పానం వచ్చింది సారూ" అని వాని తండ్రి మురియుచుండెను. కాదనుటకు నాకు నోరాడలేదు. అయినను చెప్పక తప్పలేదు.

కండరము ఆజ్ఞను పాలించు బంటు మాత్రమేయని మనము తలంతుము. అది కబురు కూడ పంపును. కండరపు పోగులనడుమ మిక్కిలి సన్నని కదుళ్లు గలవు. ప్రత్తి పండించు సీమవారికి కదురు రూపము చెప్పనక్కరలేదు: నడుమ లావు, కొనలు సన్నము. శాస్త్రజ్ఞులు వానికా పేరే యిడిరి. కదురు నడుమ నొక నాడీతంతువు చుట్టుకొని యుండును. కండరము సాగినపుడు కదురును సాగును. వెంటనే ఆ తంతువు వార్తను గొని వెనుకవైపునుండి వెన్నుపాములో ప్రవేశించును. అచ్చట ముందుభాగమున నున్న, ఆ కండరమునే కదలించు నాడీకణములను సూటిగా తాకి వానిని ప్రేరేపించును. నడుమ మధ్యవర్తి లేడు; మెదడు సెలవుకై వేచియుండుట లేదు. సాగిన కండరము ముడుచుకొనును. అదే తంతువుయొక్క మరియొక శాఖ యొక చిన్న కణముద్వారా ఎదిరి కండరమును నడపు కణములను శాంతింపజేయును. ఒక యెద్దు ముందుకును, ఒకటి వెనుకకును లాగినచో బండి కదలునా?

కుండను చేతబట్టి యుండగా ఎవరైన నీరు పోసినచో, మనమాలోచింపకమున్నే చేయి బిగిసి బరువును నిలుపుటకు ఈ యేర్పాటు తోడ్పడును. వైద్యుడు మోకాటిచిప్ప దిగువ చిన్న సుత్తితో తట్టి చూచునదియు నిదియే. తట్టిన సెకండులో ముప్పదవవంతు లోపలనే తొడకండరము మేల్కొనును. ఈ పరీక్షను 1875లో జర్మనీ వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ వేర్వేరుగా ప్రకటించిరి. సాగుటకు కండర మెట్లు బదులిచ్చునో 1924లో ఆంగ్లదేశమున లిడెల్, షెరింగ్టన్ విశదపరచిరి. నడుమ మధ్యవర్తి కణము లేదని అమెరికాలో లాయిడ్ 1943లో నిరూపించెను.

ఇక ఆ వణకు మాట. మెదడునుండి దిగు తంతువులు ఈ కబురుల కెంత విలువ నీయవలెనో నిర్ణయించుచు, వెన్నుపాము కణములకు కళ్లెము వేసి యుంచును. వెన్నుపాము నలిగినపుడు తొలుత కొన్ని దినములో వారములో కణములు మూర్ఛపోయినట్లుండును. తరువాత మేల్కాంచును గాని కళ్లెముండదు. మడమ నేలకానగానే పిక్కకండరము సాగును, ముడుచుకొనును. పాదము లేచి మరల దిగును. పిక్క మరల సాగును. అదియే వణకు. దెబ్బ వెన్నుపాము అడుగుభాగమునకే తగిలినచో ఆ కణములే చెడి, కాలు మెత్తగానే యుండిపోవును.

కోలుకొనుటకు గుర్తు వేరు: తలచినపుడు వ్రేలు కదలుట, తాకినపుడు తెలియుట. వణకు అకస్మాత్తుగా హెచ్చినయెడల పుండో, మూత్రదోషమో యున్నదేమో వెదకవలెను. చెట్టుక్రింద పడినవానిని చేతులు కాళ్లు పట్టి మడచి యెత్తరాదు. తల, మెడ, వెన్ను ఒకే వరుసలో నుండునట్లు నలుగురు కలిసి బల్లపై చేర్పవలెను. మోసినవారి తొందరవలననే నలిగిన వెన్నుపాములను నేను చూచితిని.

ఆ తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, బిగిసిన కాలిని ఎట్లు చాచవలెనని యడిగెను. తటాలున లాగిన కదుళ్లు రేగును, మెల్లగా చాచినచో నంతగా రేగవని చెప్పి, మడమ నరచేత బట్టి చూపితిని. నాటినుండి ప్రతియుదయము నాతడే కొడుకు పాదమును చాచుచుండెను.