పెద్దల చదువుకు ఉపన్యాస పరంపర

బందరులో ఏటా ఎన్నో జల్సాలు జరుగుతాయి. షామియానాలు వేస్తారు, మైకులు పెడతారు, దూరప్రాంతాల నుండి ఉలమాలను పిలిపిస్తారు. అర్ధరాత్రి దాటేదాకా జనం కూర్చుంటారు. తెల్లవారితే షామియానా విప్పేస్తారు. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసు ఉండదు. జల్సాలు వద్దని మా ఉద్దేశం కాదు. కాని జల్సా వేరు, ఉపన్యాస పరంపర వేరు. జల్సా మనసును కదిలిస్తుంది. పరంపర ఒక విషయాన్ని మొదటినుండి చివరిదాకా నేర్పుతుంది. బడి వయసు దాటి పొలంలోనో, దుకాణంలోనో, పెడనలో కలంకారీ అద్దకపు బల్ల దగ్గరనో పగలంతా గడిపే వారికి ఫీజు లేకుండా, పరీక్ష లేకుండా, వారం వారం ఒకే విషయాన్ని ముందుకు నడిపించే ఉపన్యాసాల గురించే ఈ వ్యాసం.

ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. నాయకత్వం మీద పడకముందే జ్ఞానం సంపాదించుకోండని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించారు. ఇమామ్ బుఖారీ తమ సహీహ్‌లో ఆ మాటను ఉదహరించి, నాయకులైన తరువాత కూడా నేర్చుకోవలసిందేనని, సహాబాలు పెద్ద వయసులోనే విద్య నేర్చారని తమ మాటగా చేర్చారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ప్రతి గురువారం ప్రజలకు బోధించేవారు. రోజూ చెప్పమని ఒకరు కోరితే, మీకు విసుగు పుట్టించడం నాకు ఇష్టం లేదన్నారు. దైవప్రవక్త (స) కూడా తమ విషయంలో అలాగే జాగ్రత్త పడేవారని చెప్పారు. వారానికి ఒక్క రోజు అనే కట్టుబాటు వెనుక వినేవారి ఓపిక పట్ల ఎంత గౌరవం ఉన్నదో గమనించండి. మన వక్తలలో కొందరు గడియారం వైపే చూడరు.

ఇటీవలి చరిత్రలో దక్షిణాదిన ఇందుకు చక్కని ఉదాహరణ మద్రాసు ఉపన్యాసాలు. 1925 అక్టోబరు, నవంబరు నెలలలో మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ మద్రాసులో ప్రవక్త జీవితంపై ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చారు. అవే తరువాత ‘ఖుత్బాతె మద్రాస్’ అనే గ్రంథమయ్యాయి. ఆ ఎనిమిదింటి అల్లిక చూడదగినది. ఒక జీవితం మానవాళికి ఆదర్శం కావాలంటే అది చారిత్రకంగా నిలవాలి, సంపూర్ణంగా తెలియాలి, అన్ని స్థితులవారికీ వర్తించాలి, ఆచరణలో కనిపించాలి అని ముందుగా చెప్పి, ఆ తరువాత ఒక్కొక్క షరతునూ విడివిడిగా తీసుకొని పరీక్షించారు. ఒక వారం రాని శ్రోతకు ఏదో పోగొట్టుకొన్నానని అనిపించాలి. పరంపర అంటే అదే. 1927లో మర్మడ్యూక్ పిక్తాల్, 1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ అదే నగరంలో ఉపన్యసించారు.

అప్పట్లో కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. కాని సులైమాన్ నద్వీ ఉర్దూలో మాట్లాడారు, మిగిలిన ఇద్దరూ ఇంగ్లీషులో. దివిసీమ గ్రామాలలోని ముస్లిం రైతుకు రైలు ఛార్జీ ఇచ్చి మద్రాసు పంపినా ఏమి ప్రయోజనం? నూర్‌బాషా కుటుంబాల ఇళ్ళలో తెలుగే మాతృభాష. ఉపన్యాసం ఉచితం అన్నంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు. అర్థం కాని భాషకు టిక్కెట్టు లేకపోయినా తలుపు మూసినట్టే.

ఈ సంగతి నాకు ఒక పెద్దాయన నేర్పారు. కొన్నేళ్ళ క్రితం ఒక మస్జిదులో ఇషా తరువాత మీరాసు, అనగా వారసత్వం మీద ఉర్దూ ప్రసంగం జరిగింది. తెలుగులో సారాంశం చెప్పే బాధ్యత నాది. నేనూ ‘మీరాసు’ అనే వాడుకొన్నాను. అందరికీ తెలిసిన మాటే కదా అనుకొన్నాను. అంతా అయ్యాక ఆ పెద్దాయన దగ్గరికి వచ్చి, “మౌల్వీ సాబ్, మా ఇంట్లో కరణీకం ఎన్నడూ లేదు, ఈ మిరాశీ సంగతి మాకెందుకు?” అన్నారు. ఆయన వెటకారమాడలేదు. తెలుగు పల్లెల్లో మిరాశీ అంటే వంశపారంపర్యంగా వచ్చే గ్రామోద్యోగం. రెండు మాటలకూ మూలం ఒకటే అరబీ పదం. ఆ పోలికే ఆయనను తప్పుదారి పట్టించింది. రెండు గంటలు ఓపికగా కూర్చున్న మనిషికి నేను ఇచ్చింది ఏమీ లేదు.

మరుసటి వారం నుండి పద్ధతి మార్చాము. తండ్రి పోయాక ముందు అంత్యక్రియల ఖర్చు, తరువాత అప్పులు, ఆ తరువాత వీలునామా; అదీ మిగిలిన దానిలో మూడో వంతుకు మించకుండా. ఆపైన ఎవరి వాటా ఎంత. నాలుగు వారాలు పట్టింది. మూడో వారం అదే పెద్దాయన, “నాన్న పొలం నేనొక్కణ్ణే దున్నుతున్నాను. మా చెల్లెలికి అందులో ఏమన్నా వస్తుందా?” అని అడిగారు. తల్లి అంతకు ముందే పోయింది, వేరే వారసులు లేరు. కనుక ఆయనకు రెండు వంతులు, చెల్లెలికి ఒక వంతు. పక్కనున్నాయన వెంటనే, షరియత్ చట్టం పొలాలకు వర్తించదని అడ్డు తగిలారు. 1937 నాటి చట్టంలో వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కాని 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపును తొలగించింది. కృష్ణా జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిది గనుక ఆ సవరణ ఇక్కడి పొలాలకూ వర్తిస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు మస్జిదులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చెల్లెళ్ళున్న వారు అక్కడ చాలామందే ఉన్నారు.

ఆ చెల్లెళ్ళు మాత్రం అక్కడ లేరు. ఇది చిన్న లోపం కాదు. తమకొక రోజు కేటాయించమని స్త్రీలు కోరినప్పుడు దైవప్రవక్త (స) కాదనలేదు. రోజు నిర్ణయించి వారికి బోధించారు. హక్కుదారు లేని చోట హక్కును గురించి ఎన్ని వారాలు చెప్పినా సగం పనే. మధ్యాహ్నం వంట ముగిసిన వేళ, ఏదైనా బడి గదిలో, వారికి అదే పాఠం మళ్ళీ చెప్పాలి.

వేళ గురించి కూడా ఆలోచించాలి. నాట్ల సమయంలో, అనగా జులై, ఆగస్టులలో, డెల్టాలో ఎవరూ రారు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1977 నవంబరు 19ని చూసిన దివిసీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. కోతలు, నూర్పిళ్ళు అయ్యాక జనవరి నుండి మార్చి దాకా గుడివాడ వైపు పల్లెలకు అనువు. సముద్రం మీద బ్రతికే ఊళ్ళలో వేట నిషేధపు రోజులు, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, మంచి అదను. ముప్పావుగంట ప్రసంగం, అంతే సేపు ప్రశ్నలు. ఖర్చంటారా, మస్జిదు ఉంది, చాపలు ఉన్నాయి. ఖరీదైనది వక్త ఇంటి దగ్గర చేసే తయారీ ఒక్కటే, దానిలో పొదుపు చేయరాదు.

నాగాయలంక, కోడూరుల నుండి ప్రతి వారం బందరు రావడం అందరికీ కుదరదు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో ఉండేవారు. ఆయన, పొరుగున ఉన్న ఒక అన్సారీ వంతులు వేసుకొన్నారు. ఒక రోజు ఒకరు ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి, ఆనాడు విన్నదంతా రెండోవారికి చెప్పేవారు. మరునాడు రెండోవారి వంతు. ఊరికి ఇద్దరు ఇలా ఒప్పుకొంటే చాలు. వచ్చినవారి చేతికి ఆనాటి పాఠం తెలుగులో ఒక పేజీగా ఇచ్చి పంపవచ్చు. దానిలో ‘మీరాసు’ అని మాత్రం వ్రాయను.