కౌమారమున స్థూలకాయము: ఇంటి మార్పులు, వైద్యుని మందులు

బిడ్డ బొద్దుగా నున్నచో ఆ యింట ఆరోగ్యమునకు లోటు లేదను భావము మన దేశమున చిరకాలముగా నున్నది. కరవులను చూచిన తరములకు అట్లు తోచుట సహజమే. పదునాలుగేండ్ల మనుమని నడుము ఏటేట పెరుగుచున్నను, "ఎదిగే పిల్లవాడు, తిననీయండి, పొడుగైతే అదే సర్దుకుంటుంది" అని అమ్మమ్మ అనును. కొందరి విషయమున ఆ మాట నిజమగును. కాని కౌమారమున స్థూలకాయము గల పిల్లలలో పెక్కుమందికి పెద్దవారైన పిమ్మటను అది విడువదు.

2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారము మన దేశమున 5 మొదలు 19 ఏండ్ల వయస్సు వారిలో స్థూలకాయము గలవారు 1990లో సుమారు 4 లక్షలు. 2022లో సుమారు 1 కోటి 25 లక్షలు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 10 మొదలు 19 ఏండ్ల వారిలో నూటికి 24 మంది మిక్కిలి బక్కగా నుండిరి. నూటికి 5గురు అధిక బరువు గలవారు. తిండి చాలని బిడ్డయు, బరువు మించిన బిడ్డయు నేడు ఒకే బల్లపై కూర్చుని చదువుకొనుచున్నారు.

కంటితో చూచి ఈ వ్యాధిని నిర్ణయింపరాదు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో నున్న ఎత్తుతో రెండుమార్లు భాగింపవలెను. పదమూడేండ్ల బాలిక ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 63 కిలోగ్రాములు అనుకొందము. ఆమె సూచిక 28 అగును. పెద్దలకువలె పిల్లలకు ఒకే హద్దు లేదు. వయస్సును బట్టి, ఆడ మగ భేదమును బట్టి అది మారును. భారత శిశువైద్య సంఘము 2015లో సవరించిన పెరుగుదల పటములపై చూచినచో ఈ బాలికది స్థూలకాయమే యని తేలును.

మెడ వెనుక చర్మము నల్లబడి మందమగుట మరియొక గురుతు. మురికి యనుకొని తల్లులు దానిని నలుగుపిండితో, పీచుతో రుద్దుదురు. అది మురికి కాదు. శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయుటలేదని చర్మము తెలుపు వార్త. ఆడపిల్లలకు బహిష్టు క్రమము తప్పుట, నిద్రలో పెద్ద గురక, పగలు తరగతిలో కునుకుపాటు కూడ గమనింపదగినవి. కాలేయమున కొవ్వు చేరుట, రక్తపుపోటు, పూర్వము నడివయస్సున మాత్రమే కనబడుచుండిన మధుమేహము, ఇవి నేడు బడిపిల్లలయందును కనబడుచున్నవి.

దీనికి కారణము బిడ్డ సోమరితనమని తలచుట పొరపాటు. వంశపారంపర్యము, తిండి, నిద్ర, ఆటలకు చోటులేని ఊళ్ళు, ఇన్నియు కలిసి ఈ వ్యాధిని కలిగించుచున్నవి. పైగా బరువు కొంత తగ్గగానే శరీరమే ఆకలిని పెంచి పోయినదానిని తిరిగి రాబట్టుకొన జూచును. చరక సంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమున అతిస్థూలుని నిందితులలో చేర్చినను, కృశించినవానికంటె అతనికి చికిత్స కష్టమని కూడ చెప్పబడినది. ఆ రెండవ మాటను మనము మరచి మొదటిదానినే పట్టుకొంటిమి. ఈ వ్యాసమున "స్థూలకాయుడు" అను మాటను విడిచి "స్థూలకాయము గల బిడ్డ" అని వ్రాయుటకు కారణమిదియే. చుట్టముల యెదుట "లావు" అని ఎగతాళి చేయబడిన బిడ్డ ఆటస్థలమునకు పోవుట మానును, చాటుగా తినును.

చికిత్స ఇంటినుండి మొదలు కావలెను. ఇంటివారందరును అందు పాల్గొనవలెను. అన్నకు పకోడీలు పెట్టి చెల్లెలికి దోసకాయ ముక్క లిచ్చిన యింట ఏ పథ్యమును నిలువదు. ముందుగా మానవలసినవి తీపి పానీయములు. 300 మిల్లీలీటర్ల శీతల పానీయపు సీసాలో సుమారు 30 గ్రాముల, అనగా ఆరు చెంచాల చక్కెర యుండును. దానికి మారుగా మంచినీరు, పలుచని మజ్జిగ ఇయ్యవచ్చును. కంచములో కూర, పప్పు పెరిగి అన్నము కొంత తగ్గవలెను. ఉదయపు ఫలహారము మానిపించుట, పస్తుంచుట కూడదు. ట్యూషనుకు పోవు త్రోవలో కొను పొట్లములకు బదులు వేయించిన శనగలో, జామకాయయో సంచిలో పెట్టి పంపుట మేలు. బడి ఆవరణలోను, దాని చుట్టు 50 మీటర్ల మేరను కొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగా గల తినుబండారములను అమ్మరాదని 2020లో నిబంధనలు వెలువడినవి. తల్లిదండ్రులు ఈ సంగతిని ప్రధానోపాధ్యాయునికి జ్ఞాపకము చేయవచ్చును.

దినమునకు 60 నిమిషములు ఒడలు చెమర్చునట్లు ఆడవలెను. కబడ్డీయైనను, సైకిలైనను, ఈతయైనను సరియే. పదునాలుగేండ్లు దాటినవారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. రాత్రివేళ సెల్‌ఫోను పడకగది బయట నుండుట మంచిది. ఇన్ని చేసినను తూనికలో బరువు తగ్గలేదని నిరాశపడనక్కరలేదు. ఎత్తు పెరుగుచున్న బిడ్డ బరువు ఉన్నచోటనే నిలిచినను సూచిక తగ్గును. అది మేలైన ఫలితమే.

కొందరికి ఇంతమాత్రము చాలదు. అట్టివారికి పన్నెండేండ్లు నిండిన పిమ్మట మందులను కూడ ఆలోచింపవచ్చునని 2023లో అమెరికా శిశువైద్య సంస్థ సూచించెను. నేడు పేరు వినబడుచున్న సెమాగ్లూటైడ్, భోజనానంతరము ప్రేవులలో పుట్టు ఒక హార్మోనును పోలినది. అది ఆకలిని తగ్గించును. 2022లో ప్రకటితమైన పరీక్షలో 201 మంది కిశోరులు పాల్గొనిరి. వారమున కొకసారి ఈ సూదిమందు పొందినవారి సూచిక 68 వారములలో సగటున నూటికి 16 వంతులు తగ్గినది. ఉత్తుత్తి మందు పొందినవారిలో మార్పు దాదాపు లేదు. ఉభయులకును ఆహార వ్యాయామముల శిక్షణ ఇయ్యబడినదని గమనింపవలెను. శిక్షణ లేని సూదిని అచ్చట ఎవరును పరీక్షింపలేదు.

వికారము, వాంతులు సాధారణముగా కలుగును. పిత్తాశయమున రాళ్ళు, అరుదుగా క్లోమము వాపు కలుగవచ్చును. వంశమున ఒక విధమైన థైరాయిడ్ క్యాన్సరు ఉన్నవారు దీనిని వాడరాదు. మందు మానినచో బరువు చాలవరకు తిరిగి వచ్చునని పెద్దలయందు తేలినది. కావున ఎంతకాలము, ఎంత ఖర్చు, మన దేశమున ఏ వయస్సువారికి ఏ మందునకు అనుమతి కలదు అను ప్రశ్నలను మొదటినాడే వైద్యుని అడుగవలెను. పొరుగువారి చీటీపై కొన్న మందు, ప్రకటనలు చూచి తెప్పించిన పొడులు బిడ్డకు పెట్టరాదు. బరువు తగ్గించుటకని అమ్మబడిన ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను చెరచుటచే 1997లోను, సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతముల భయముచే 2010లోను అంగడినుండి తొలగింపబడినవి.

2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో 10 మొదలు 19 ఏండ్ల వారికి ప్రత్యేక క్లినిక్కులు నడపబడుచున్నవి. పోవునప్పుడు గడచిన రెండు మూడేండ్ల ఎత్తు, బరువుల లెక్క దొరికినచో వెంట తీసికొనిపోవుట మంచిది. బరువు పెరుగుచు ఎత్తు ఆగిపోయిన బిడ్డయందు గ్రంథుల దోషము వెదకవలసి యుండును గనుక వైద్యుడు మొదట అడుగునది ఆ లెక్కయే. బిడ్డతో ఒంటరిగా కొంతసేపు మాటలాడవలెనని వైద్యుడు కోరినచో తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పక వెలుపల కూర్చుండవలెను.