దోనె అంటే ఏటండీ?

వేసవి సెలవుల్లో పిల్లల కూడికల కోసం ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకాన్ని తెలుగు చేశాను. యేసుప్రభువు గాలిని, సముద్రాన్ని గద్దించిన కథ అది. పన్నెండు పేజీలు, పేజీకో బొమ్మ, బొమ్మ కింద ఒక్క వాక్యం. వేదాంత కళాశాలలో గ్రీకు చదివినవాడికి ఇదెంత పని అనుకున్నాను. భోగాపురం మండలంలోని ఒక తీర గ్రామంలో దాన్ని చదువుతుంటే ఐదేళ్ల పాప లేచి, ‘అయ్యగారూ, దోనె అంటే ఏటండీ?’ అని అడిగింది. ‘ఆ మాత్రం తెలీదా’ అని పెద్ద పిల్లలు నవ్వారు. పాప తల వంచుకుని కూర్చుంది. మళ్లీ నోరు విప్పలేదు.

దోనె మన తెలుగు బైబిల్లోని మాటే. కానీ ఆ పాప మత్స్యకారుల బిడ్డ, పడవల మధ్యే పెరిగింది. బొమ్మలో ఉన్నది పడవేనని తన కళ్లు చెబుతుంటే, కాదన్నట్టుంది నేను రాసిన మాట. తప్పు నా అనువాదానిది, సిగ్గుపడింది మాత్రం పాప. తెలియని మాట వస్తే పెద్దలం దాటుకుని పోతాం. పసిబిడ్డ ‘నాకు చదువు రాదు’ అనుకుంటుంది.

పిల్లల బొమ్మల పుస్తకాలకు ఆద్యుడని పేరొందిన కొమీనియస్ కూడా సంఘ సేవకుడే. మతహింస వల్ల స్వదేశం విడిచిన మొరేవియా ప్రొటెస్టెంటు బిషప్పు. 1658లో నూరెంబర్గ్‌లో వెలువడిన ఆయన ‘ఓర్బిస్ పిక్టస్’లో బొమ్మతో పాటు లాటిన్, జర్మన్ మాటలుండేవి. మరుసటి ఏడే అది ఇంగ్లీషులోకి వచ్చింది. బిడ్డ ముందు తల్లిభాషలో గ్రహించాలి, పరాయి భాష ఆ తరువాతేనన్నది ఆయన బోధ.

మన విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు కూడా ఒంటరిగా అనువాదానికి పూనుకోలేదు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి వారికి తోడయ్యాడు. 1812లో శ్రీరాంపురంలో మూడు సువార్తలు తెలుగులో అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలిద్దరూ ప్రభువునందు నిద్రించారు. మన ఉత్తరాంధ్ర బిడ్డ గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లలకు పాఠాలు రాయడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్నారు.

ఆ వారం నేనూ ఒక ఆనందరాయరును వెదుక్కున్నాను. పాప అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని పుస్తకాన్ని పైకి చదివాను. దోనె పోయి పడవ వచ్చింది. ‘శిష్యులు భయభ్రాంతులైరి’ అన్నది కొట్టేశాం. ఆ భయం బొమ్మలోని ముఖాల్లోనే ఉంది, మళ్లీ చెప్పనక్కర్లేదు. పాత మాటని నేను తీసేయబోయిన ‘నిమ్మళం’ మాత్రం ఆమె రోజూ వాడే మాటేనట! అది ఉంచాం. బైబిలు మాటలన్నీ మార్చాలని కాదు. ఏ మాట బిడ్డ చెవికి అందుతుందో మనమే నిర్ణయించేయకుండా, అడిగి తెలుసుకోవాలి.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో లేవీయులు ధర్మశాస్త్రాన్ని చదివి ఊరుకోలేదు, జనానికి అర్థం చెప్పారు. అర్థమైంది గనుకనే ఆ జనం సంతోషించారు.

మరుసటి ఆదివారం పిల్లలందరి ముందూ ‘తప్పు నాది, పాపది కాదు’ అని ఒప్పుకుని, పుస్తకం తన చేతికే ఇచ్చాను. సండే స్కూల్ టీచర్లారా, బొమ్మల పుస్తకాన్ని తెలుగు చేస్తే అచ్చుకిచ్చే ముందు ఒక పసిబిడ్డకు చదివి వినిపించండి. ఆ బిడ్డ అడిగే ప్రశ్నే మీకు దిద్దుబాటు. చిన్నబిడ్డలను అడ్డగించిన శిష్యుల మీద ప్రభువు కోపపడ్డాడు (మార్కు 10:14). చేతులు అడ్డం పెట్టనక్కర్లేదు, మాటలతో కూడా మనం అడ్డగించగలం.